ఇంటిపేరు రాసేదెలా? పలికేదెలా?

పిల్లలూ, పుల్లరి సత్యాగ్రహం నడిపి 1922లో తెల్లదొరల పోలీసు కాల్పులకు బలి అయిన మన పల్నాటి వీరుడు కన్నెగంటి హనుమంతు. ఆయన పేరును ఇంగ్లీషు అక్షరాలలో రాసి చూడండి. ఇంటిపేరులోని 'ట'కు ఒక్క టీ వేస్తాము. హనుమంతులోని 'త'కు టీ పక్కన హెచ్ కూడా చేరుస్తాము. ఇది మన దక్షిణాదివాళ్ళ ఏర్పాటు. ఉత్తరాదిలో 'త'కు ఒట్టి టీ చాలు. హెచ్ చేరితే అది 'థ' అవుతుంది. కాశీలో ఎవరైనా ఆ కాగితం చదివితే మన వీరుడు 'కన్నెగంతి హనుమంథు' అయినా కావచ్చు!

దీర్ఘాల సంగతి మరీ కష్టం. 1964 నుంచి 1971 వరకు ముఖ్యమంత్రిగా ఉన్న బ్రహ్మానందరెడ్డిగారిది నరసరావుపేట ప్రాంతమే. ఆయన ఇంటిపేరు 'కాసు'. ఇంగ్లీషులో నాలుగక్షరాలు. వాటిని 'కసు' అని చదివినా తప్పు పట్టలేము.

ఈ చిక్కు మనకొక్కరికే వచ్చింది కాదు. యూరపులో పోలండు దేశంవారు కూడా తమ భాషను రోమను లిపిలోనే రాస్తారు. అయితే వాళ్ళు ఊరుకోలేదు. చాలని అక్షరాలకు గీతలూ, చుక్కలూ, కొక్కేలూ తగిలించారు. రేడియం కనిపెట్టిన మేరీ క్యూరీ ఆ దేశపు ఆడపడుచే. ఆమె పుట్టింటి పేరు మన పుస్తకాలలో 'స్క్లొడోవ్‌స్కా' అని కనిపిస్తుంది. పోలండువాళ్ళు అలా అనరు. అందులోని ఎల్‌కు అడ్డంగా చిన్న గీత ఉన్నది. గీత ఉన్న ఎల్ 'ల' కాదు, పెదవులు గుండ్రంగా చుట్టి పలికే 'వ'. డబుల్యూ మామూలుగా 'వ'యే గాని, ఇక్కడ పక్కన 'స' ఉండటంచేత 'ఫ' అవుతుంది. వెరసి 'స్క్వొదోఫ్‌స్కా'. నాలుగుసార్లు పైకి అనండి, నోరు తిరుగుతుంది! ఆమె తండ్రి పేరు చివర మాత్రం 'స్కి'. మగవారికి స్కి, ఆడవారికి స్కా. ఆయన లెక్కలూ, భౌతికశాస్త్రమూ చెప్పే ఉపాధ్యాయుడు, మా వృత్తివాడే.

దేశం దాటితే అచ్చులో ఆ గీత తరచు ఎగిరిపోతుంది. పేరూ మారిపోతుంది.

మనకా గీతలు లేవు, ఇరవై ఆరు అక్షరాలతోనే సరిపెట్టుకోవాలి. పదవ తరగతి సర్టిఫికెట్లో పడిన వరసే రేపు పాస్‌పోర్టు దాకా వెంట వస్తుంది. అన్న 'చౌదరి' ఒక విధంగా, తమ్ముడి 'చౌదరి' మరొక విధంగా ఉంటే ఇద్దరూ ఒక ఇంటివారేనని రుజువు చేసుకోవటానికి ఆఫీసుల చుట్టూ తిరగాలి. అందుచేత తల్లిదండ్రులు బడికి పేరు ఇచ్చే ముందే ఇంటిల్లిపాదికీ ఒకే వరస ఖాయం చేయాలి. దాన్ని తెలుగు రాని మనిషి చేత ఒకసారి చదివించి చూడండి.