షంటింగు ఇంజనుల నామములు

మన ఉరవకొండవారికి రైలన్నంతనే గుంతకల్లు జంక్షను స్మరణకు వచ్చును. అట్టి జంక్షనులయందు పెట్టెలను ఒక పట్టానుండి వేరొక పట్టాకు మార్చు ఇంజనులకు షంటింగు ఇంజనులని పేరు. వానిలో ప్రసిద్ధమైనది ‘డబ్ల్యు.డి.ఎస్. 6’. సమాసమునకువలె దీనికిని విగ్రహము చెప్పవచ్చును.

మొదటి యక్షరము పట్టాల వెడల్పును దెలుపును: ‘డబ్ల్యు’ యన 5 అడుగుల 6 అంగుళముల బ్రాడ్‌గేజి, ‘వై’ యన మీటరుగేజి. రెండవదియగు ‘డి’ డీజిలును సూచించును. మూడవది పనిని దెలుపును: ‘పి’ ప్రయాణికుల బండికి, ‘జి’ గూడ్సునకు, ‘ఎమ్’ ఉభయమునకు, ‘ఎస్’ షంటింగునకు.

తుది యంకెయందే భ్రమకు తావు గలదు. ‘డబ్ల్యు.డి.జి. 4’ లోని 4 నాలుగువేల అశ్వశక్తిని సూచించును. షంటింగు ఇంజనునందలి 6 అట్లుగాక నమూనా క్రమమును మాత్రమే చెప్పును. దాని బలము సుమారు 1,400 అశ్వశక్తి మాత్రమే. ఆరువేలని తలచి దానికి భారము తగిలించిన బండి కదలదు.

ఇక 36తో మొదలగు అయిదంకెల సంఖ్య ఒక్కొక్క ఇంజనునకు ప్రత్యేకము. అక్షరములు జాతిని, సంఖ్య వ్యక్తిని దెలుపునని గ్రహింపుడు. పాతబడిన ‘ఎమ్’ ఇంజను నేడు షంటింగు చేయుచున్నను దాని పేరులోని ‘ఎమ్’ అట్లే యుండును. ఆ యక్షరము పుట్టుకను చెప్పునే గాని ప్రస్తుత వృత్తిని గాదు.