ఊపిరికి కాపలా.. రెస్పిరేటరీ థెరపిస్టు

పత్తి, మిరప విస్తారంగా పండే గుంటూరు వంటి జిల్లాల్లో ఆస్పత్రుల అత్యవసర విభాగాలకు పురుగుమందు విషప్రభావానికి లోనైనవారు రావడం కొత్త కాదు. వైద్యులు విరుగుడు మందులిస్తారు. మరునాటికి రోగి కళ్లు తెరిచి మాట్లాడతాడు. గండం గడిచిందని బంధువులు స్థిమితపడతారు. అయితే ఆర్గానోఫాస్ఫేట్ రకం మందుల విషయంలో అసలు పరీక్ష కొందరికి ఆ తర్వాతే ఎదురవుతుంది. విషం శరీరంలో చేరిన 24 నుంచి 96 గంటల మధ్య మెడ కండరాలు, ఊపిరి పీల్చుకునే కండరాలు నీరసించిపోతాయి. తలగడ మీద నుంచి తల ఎత్తలేకపోవడం దీనికి ముఖ్యమైన తొలి గుర్తు. ఆ గుర్తును సకాలంలో కనిపెట్టి వెంటిలేటర్ అమర్చితే, కొద్ది రోజులకో వారాలకో కండరాలు తిరిగి బలం పుంజుకుంటాయి. కనిపెట్టేవారు లేకుంటే ప్రాణం పోయే ప్రమాదం ఉంది. కట్లపాము కాటుకు గురైనవారి పరిస్థితీ దాదాపు ఇటువంటిదే.

ఇటువంటి వేళ మంచం పక్కన నిలిచి, వైద్యుల పర్యవేక్షణలో రోగి శ్వాసను కనిపెట్టి ఉండే ఉద్యోగి రెస్పిరేటరీ థెరపిస్టు. నర్సు, ల్యాబ్ టెక్నీషియన్, ఫిజియోథెరపిస్టు అంటే తెలియనివారు లేరు గాని, ఈ కొలువు గురించి జిల్లాల్లో తెలిసింది తక్కువే.

యంత్రం ఒక్కటే చాలదు

కొవిడ్ కాలం ఈ లోటును బయటపెట్టింది. 2020 మే నెలలో పీఎం కేర్స్ నిధి నుంచి 50 వేల వెంటిలేటర్ల కోసం రూ.2 వేల కోట్లు కేటాయించారు. మరుసటి ఏడాది రెండో విడత ఉద్ధృతిలో కొన్ని రాష్ట్రాల్లో వెంటిలేటర్లు గదుల్లోనే ఉండిపోయాయన్న వార్తలు వచ్చాయి. దీంతో వాటి అమరిక, పనితీరుపై తక్షణం తనిఖీ జరపాలని, అవసరమైతే సిబ్బందికి మళ్లీ శిక్షణ ఇవ్వాలని 2021 మే 15న ప్రధానమంత్రి ఆదేశించారు. యంత్రం కొనడంతో పని పూర్తికాదని, నడిపే చేతులు కూడా ఉండాలని నాటి అనుభవం తెలియజేసింది.

నిజానికి ఈ పాఠం పాతదే. 1952లో డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్‌ను పోలియో కుదిపివేసింది. తొలి మూడు వారాల్లో శ్వాస పక్షవాతంతో చికిత్స పొందిన 31 మందిలో 27 మంది మరణించారు. అప్పుడు బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తు వైద్యుడు రోగి గొంతులో గొట్టం అమర్చి, రబ్బరు సంచిని చేత్తో నొక్కుతూ గాలి పంపే పద్ధతిని ముందుకు తెచ్చారు. సుమారు 1,500 మంది వైద్య విద్యార్థులు వంతులవారీగా రేయింబవళ్లు ఆ సంచులు నొక్కారు. మరణాలు గణనీయంగా తగ్గాయి. ఆధునిక ఇంటెన్సివ్ కేర్‌కు పునాది అక్కడే పడిందని చెబుతారు. చేతిసంచి స్థానంలో నేడు కంప్యూటర్ అమర్చిన యంత్రం వచ్చినా, రోగిని కనిపెట్టి ఉండే మనిషి అవసరం మాత్రం తీరలేదు.

చేసే పని ఏమిటి?

ఐసీయూలో థెరపిస్టు విధి రోగిని చూడటంతో మొదలవుతుంది. ఛాతీ రెండు వైపులా సమానంగా లేస్తున్నదా, గొట్టం చోటు తప్పిందా, కఫం అడ్డుపడిందా అన్నది పరిశీలించాలి. కఫం తీసేటప్పుడు ఒక్కో విడత 15 సెకన్లు మించకూడదు. ఆ కాసేపూ రోగికి గాలి అందదు. గొట్టం చుట్టూ ఉండే చిన్న బెలూన్‌లో ఒత్తిడి 20 నుంచి 30 సెంటీమీటర్ల నీటి మట్టానికి సమానంగా ఉండాలి. ఎక్కువైతే శ్వాసనాళం దెబ్బతింటుంది. తక్కువైతే నోటిలోని స్రావాలు ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియా తెస్తాయి. ఇందుకే అభ్యంతరం లేని రోగులకు మంచం తలవైపును 30 నుంచి 45 డిగ్రీల ఎత్తులో ఉంచుతారు.

ధమని నుంచి తీసిన రక్తపరీక్ష మరో ముఖ్యమైన ఆధారం. రక్తంలో ఆమ్ల, క్షార స్థితిని తెలిపే పీహెచ్ 7.35 నుంచి 7.45 మధ్య, బొగ్గుపులుసు వాయువు పీడనం 35 నుంచి 45 మధ్య ఉండటం సాధారణం. ఈ అంకెలను, రోగి తీరును కలిపి చూసి వెంటిలేటర్‌లో ఏ మార్పు అవసరమో థెరపిస్టు వైద్యుడికి నివేదిస్తాడు. చికిత్స నిర్ణయం వైద్యుడిదే. దానిని మంచం వద్ద గంట గంటకూ సరిచూసుకుంటూ అమలు చేయడం థెరపిస్టు బాధ్యత.

బరువు కాదు, ఎత్తే కొలమానం

ఒక్కో శ్వాసకు ఎంత గాలి పంపాలన్నది చిన్న విషయంగా తోచవచ్చు. ఊపిరితిత్తులు తీవ్రంగా దెబ్బతిన్న 861 మందిపై అమెరికాలో జరిపిన అధ్యయనం ఫలితాలు 2000లో వెలువడ్డాయి. కిలోకు 12 మిల్లీలీటర్ల లెక్కన గాలి అందుకున్నవారిలో 39.8 శాతం మంది మరణించగా, 6 మిల్లీలీటర్ల లెక్కన అందుకున్నవారిలో మరణాలు 31 శాతానికే పరిమితమయ్యాయి. ఎక్కువ గాలి పంపితే మేలని భావించడం పొరపాటని తేలింది.

ఇక్కడ కిలో అంటే రోగి అసలు బరువు కాదు, ఎత్తును బట్టి లెక్కించిన బరువు. మనిషి లావెక్కినా ఊపిరితిత్తులు పెరగవు. 165 సెంటీమీటర్ల ఎత్తున్న పురుషుడి లెక్క బరువు సుమారు 61.5 కిలోలు. అతనికి పంపవలసినది దాదాపు 370 మిల్లీలీటర్లు. అతని అసలు బరువు 90 కిలోలు కదా అని దానితో లెక్కకడితే 540 మిల్లీలీటర్లవుతుంది. అప్పటికే దెబ్బతిన్న ఊపిరితిత్తులకు అది అదనపు గాయం. టేపుతో రోగి ఎత్తు కొలవడం కూడా చికిత్సలో భాగమే.

వెంటిలేటర్ తొలగించడంలోనూ ఇంతే జాగ్రత్త అవసరం. ముందే తీసేస్తే మళ్లీ గొట్టం వేయవలసి వస్తుంది. ఆలస్యమైతే ఇన్ఫెక్షన్లు, కండరాల నీరసం పెరుగుతాయి. అందువల్ల రోగి స్థిమితపడ్డాక 30 నిమిషాల నుంచి రెండు గంటల వరకు స్వయంగా శ్వాసించే పరీక్ష పెట్టి, ఫలితాన్నిబట్టి వైద్యుడు నిర్ణయం తీసుకుంటారు.

ఐసీయూ వెలుపల కూడా థెరపిస్టుకు పని ఉంటుంది. ఉబ్బసం రోగులకు ఇన్‌హేలర్ వాడకం నేర్పడం వాటిలో ఒకటి. స్ప్రే రకం ఇన్‌హేలర్ నొక్కుతూ నిదానంగా పీల్చి, వీలైతే 10 సెకన్లు ఊపిరి బిగపట్టాలి. ఈ పద్ధతి తెలియక మందు నోటిలోనే నిలిచిపోయేవారున్నారు. దీర్ఘకాలిక శ్వాస అవరోధ వ్యాధి ఉన్నవారిలో బొగ్గుపులుసు వాయువు పేరుకుపోయే ముప్పు ఉంటే ఆక్సిజన్ శాతాన్ని 88 నుంచి 92 మధ్యనే ఉంచుతారు. బంధువులు ఆందోళనతో ఆక్సిజన్ మీటను తామే పెంచడం ప్రమాదకరం.

అర్హతలు ఇవీ..

మన దేశంలో రెస్పిరేటరీ థెరపీ బీఎస్సీలో చేరడానికి సాధారణంగా ఇంటర్ బైపీసీ ఉత్తీర్ణత అవసరం. ఎక్కువ సంస్థల్లో మూడేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్ ఉంటాయి. శరీర నిర్మాణం, శరీర ధర్మశాస్త్రం, ఔషధశాస్త్రంతో పాటు వెంటిలేటర్ నిర్వహణ, ఊపిరితిత్తుల సామర్థ్య పరీక్షలు నేర్పుతారు.

2021లో పార్లమెంటు చేసిన జాతీయ అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల కమిషన్ చట్టం రెస్పిరేటరీ టెక్నాలజిస్టును గుర్తింపు పొందిన వృత్తుల జాబితాలో చేర్చింది. అనుబంధ ఆరోగ్య వృత్తి నిపుణుడికి రెండు నుంచి నాలుగేళ్లలో కనీసం 2,000 గంటల చదువు ఉండాలని ఆ చట్టం నిర్దేశించింది. చేరే ముందు కళాశాలకు అనుమతి ఉన్నదా, ఆ అనుమతి ఈ కోర్సుకే వర్తిస్తుందా అన్నది ఆంధ్రప్రదేశ్‌లో డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం, తెలంగాణలో కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం వద్ద విచారించుకోవడం మేలు. ఇంటర్న్‌షిప్‌కు పంపే ఆస్పత్రిలో వెంటిలేటర్లతో నడిచే ఐసీయూ ఉన్నదో లేదో కూడా అడగాలి. యంత్రాన్ని పుస్తకంలో మాత్రమే చూసిన విద్యార్థికి పట్టా వచ్చినా పని రాదు.

అమెరికా కొలువుపై ఆశ పెట్టుకున్నవారు మరో విషయం గమనించాలి. అక్కడ గుర్తింపు పొందిన కోర్సు చదివి, జాతీయ స్థాయి పరీక్షలో నెగ్గి, పనిచేసే రాష్ట్రం నిబంధనల మేరకు లైసెన్సు పొందాలి. ఇక్కడి డిగ్రీతో నేరుగా ఉద్యోగంలో చేరడం కుదరదు.

జిల్లా ఆస్పత్రికి వెంటిలేటర్ వచ్చిందంటే సంతోషించదగినదే. రాత్రి రెండు గంటల వేళ దాని అలారం మోగితే పరుగున వచ్చి, మోగిన కారణం గుర్తించగలవారు ఎవరున్నారన్నది ఆస్పత్రి అధికారులూ, ప్రజలూ ఆ వెంటనే వేసుకోవలసిన ప్రశ్న.