జైలు వాకిట ఎదురుచూచేవారు: ‘కబాలి’ చిత్రమును గూర్చి

ఈ పత్రికలో ఇంతవరకు రామభజనాన్ని గూర్చి, ఉగాదిని గూర్చి, సింహాద్రి అప్పన్న పూజను గూర్చి వ్రాసిన నేను ఇప్పుడు ఒక గూండాల సినిమాను గూర్చి వ్రాస్తున్నానంటే మన పెద్దలు కొందరు నవ్వవచ్చును. నవ్వినా ఫరవాలేదు. ఆ సినిమా మనవంటి తోటకూలీల సంతతి కథ. దానిని నేను చూచిన చోటు కూడా కూలీలు ఉండే చోటే. అందుకే ఇక్కడ వ్రాయదగిన విషయమని తోచింది.

2019 డిసెంబరులో, బడి సెలవులలో, హైదరాబాదుకు పోతూ దుబాయిలో మా పెద్దబ్బాయి దగ్గర నాలుగు రోజులు ఆగాను. వాడు అక్కడ ఒక హోటలులో పని చేస్తున్నాడు. వాడితో పనిచేసే జగిత్యాల వైపు కుర్రవాడు ఒకడు, నేను మారిషస్ నుండి వచ్చి తెలుగు మాట్లాడుతున్నానని వింతపడి, “సార్, శుక్రవారం మా మామోళ్ళ రూముకు రాండ్రి, మటన్ వండుతరు” అని పిలిచాడు. ఆ గది ముహైస్నా అనే పేటలో ఉంది. అందరూ దానిని సోనాపూర్ అంటారు. పేరులో బంగారం ఉంది గాని, ఉన్నవి కూలీల బసలు. ఒక గదిలో మంచం మీద మంచం వేసి ఎనిమిదిమంది ఉంటున్నారు. మూలనున్న టీవీలో తెలుగులోకి మార్చిన ‘కబాలి’ నడుస్తున్నది.

చూడనివారి కోసం కథ చెబుతాను. ఇది 2016 జూలైలో విడుదలైన తమిళ చిత్రం. దర్శకుడు పా. రంజిత్, నాయకుడు రజనీకాంత్. మలేషియాలో ఇరవై అయిదేళ్ళు జైలులో ఉన్న కబాలీశ్వరన్ అనే ముఠానాయకుడు విడుదలై వస్తాడు. జైలులో అతని చేతిలో ఒక పుస్తకం కనిపిస్తుంది. అది వై. బి. సత్యనారాయణ గారు ఇంగ్లీషులో వ్రాసిన ‘మై ఫాదర్ బాలయ్య’. కరీంనగర్ ప్రాంతపు ఒక దళిత కుటుంబం ఊరు విడిచి, రైల్వే పనిలో చేరి, పిల్లలను చదివించుకొన్న నిజమైన కథ అది. తమిళ సినిమాలో, మలేషియా జైలులో, ఒక తెలుగు ఇంటి కథ! ఆ గదిలోనివారంతా ఆ కరీంనగర్ వైపువారే అయినా ఆ పుస్తకాన్ని ఎవరూ గుర్తించలేదు. నేను చెబితే, “గట్లనా సార్” అని ఒకసారి టీవీ వైపు చూచి, మళ్ళీ ఉల్లిగడ్డలు కోసుకొన్నారు.

కబాలి పూర్వం తోటకూలీల కూలి పెంచమని పోరాడినవాడు. అతనికి గురువువంటి తమిళనేశన్ హత్యకు గురైన తరువాత ఆ స్థానం ఇతనికి వస్తుంది. సొంతవారే ద్రోహం చేస్తారు. భార్య చనిపోయిందనుకొంటాడు. జైలు విడిచి బయటికి వచ్చేసరికి టోనీ లీ అనేవాని ముఠా మత్తుమందులతో బలిసి, మనవారి పిల్లలనే పనివారిగా పెట్టుకొని ఉంటుంది. ఇక అక్కడినుండి తుపాకులే.

జైలునుండి వచ్చినవాడు మళ్ళీ నేరంలోకి లాగబడడం అనే కథ సినిమాకు పాతదే. 1993లో బ్రయాన్ డి పాల్మా తీసిన ‘కార్లిటోస్ వే’ ఈ రకానికి మంచి ఉదాహరణ. ముప్పై ఏళ్ళ శిక్షలో అయిదేళ్ళకే బయటపడిన కార్లిటో, కొంత డబ్బు కూడబెట్టి బహామా దీవులకు పోయి కార్లు అద్దెకిచ్చే వ్యాపారంలో చేరాలనుకొంటాడు. అంతకంటె పెద్ద కోరిక ఏమీ లేదు. కాని తనను విడిపించిన లాయరుకు ఋణపడి ఉన్నాడు. ఆ ఋణమే అతనిని తిరిగి బురదలోకి లాగుతుంది. ఇటువంటి కథలన్నిటిలో దాదాపు ఇదే కిటుకు: మనిషి మారాలనుకొంటాడు, పాత స్నేహమో పాత పగో వచ్చి తలుపు తడుతుంది. చూచేవారికి జాలి పుట్టేది అక్కడే.

‘కబాలి’లో నాయకునికి ఆ తటపటాయింపు లేదు. అందుచేత కథగా అది కొంత తేలిపోయిందని నా అభిప్రాయం. రెండవ సగం అంతా కొట్లాటే. కాని అందులో ‘ఫ్రీ లైఫ్ ఫౌండేషన్’ అనే బడి ఒకటి ఉంది. ముఠాలనుండి తప్పించి తెచ్చిన కుర్రవాళ్ళకు అక్కడ చదువు చెబుతారు. కబాలి ఆ పిల్లల మధ్య కూర్చుని మాట్లాడే దృశ్యాలు నాకు నచ్చాయి. ముప్పై ఏళ్ళుగా బడిపిల్లలతో ఉన్నవాడిని గనుక నచ్చాయేమో. చివరకు ఆ బడిలో చదివిన కుర్రవాడే పోలీసుల మాటమీద కబాలి దగ్గరకు వస్తాడు, తుపాకి మ్రోత వినిపిస్తుంది, తెర నల్లబడుతుంది. మలేషియాలో ప్రదర్శించిన ప్రతిలో మాత్రం అతను పోలీసులకు లొంగిపోయినట్లు అక్షరాలు వేశారు.

ఇది ఊరికే అల్లిన కథ కాదు. 1970ల తరువాత మలేషియాలో రబ్బరు తోటలు అమ్ముడుపోయి, నూనెతాటి తోటలుగా, ఇళ్ళ స్థలాలుగా మారాయి. మూడు నాలుగు తరాలు తోటలోనే పుట్టి పెరిగినవారు ఇల్లు, పని, గుడి, బడి అన్నీ ఒకేసారి పోగొట్టుకొని పట్టణాల అంచులకు చేరారు. చాలామందికి పౌరసత్వపు కాగితాలు కూడా సరిగా లేవు. 2013లో ఆ దేశపు హోంశాఖ 49 ముఠాలను నిషేధిస్తూ జాబితా ప్రకటించినప్పుడు, సభ్యులలో సుమారు 70 శాతం భారత సంతతివారని తేలింది. దేశ జనాభాలో మనవారు నూటికి ఏడుగురే. బాగన్ డాటో కొబ్బరితోటలలో తెలుగువారు కూడా ఉన్నారన్నది మన పాఠకులకు తెలిసిందే.

ఇక ఆ గదిలోని మాట. సినిమా మొదట్లో కబాలి కోటు తొడుక్కొని జైలు గేటు దాటగానే బయట మనుషులు, కారు సిద్ధంగా ఉంటాయి. అందరూ ఈల వేశారు. మటన్ వండుతున్న పెద్దాయన మాత్రం వేయలేదు. తరువాత అన్నం పెడుతూ నాతో అన్నాడు: “గాయనకు కారచ్చింది సార్. మా తమ్మునికి ఎవలచ్చిండ్రు? ఏజెంటచ్చిండు.”

తమ్ముడు కూడా అక్కడే భవనాల పనిలో ఉండేవాడట. ఊరిలో చేసిన అప్పుకు మిత్తి పెరుగుతున్నది. బసల చుట్టూ రహస్యంగా సారా సీసాలు అమ్మేవారు ఉంటారు. పెట్టెలు మోస్తే ఒక్క రాత్రికి వారం కూలి. మోశాడు, పట్టుబడ్డాడు. తొమ్మిది నెలలు జైలు, ఆపైన దేశం నుండి పంపివేత. ఊరు చేరిన మూడో వారంలోనే ఏజెంటు ఇంటికి వచ్చి, “పేరు మార్చి కొత్త పాస్‌పోర్టు చేయిస్తా, లక్షన్నర ఇయ్యి” అన్నాడు. సినిమాలో పాత ముఠా వచ్చి పిలిచినట్లే ఇక్కడ ఏజెంటు పిలిచాడు. అన్నకు ఫోను చేసి “పోనా?” అని అడుగుతున్నాడట. “మీరు చదువు చెప్పేటోళ్ళు, మీరు చెప్పుండ్రి సార్” అన్నాడు పెద్దాయన.

నేను అప్పుడు తెలిసీ తెలియక ఏదో చెప్పాను. తరువాత తెలుసుకొన్నది ఇక్కడ వ్రాస్తున్నాను, ఎవరికైనా పనికిరావచ్చును. ఎమిరేట్సులో విదేశీయునికి జైలుశిక్షతోపాటు దేశబహిష్కారం కూడా తరచుగా పడుతుంది. కోర్టు బహిష్కరించినవాడు ప్రత్యేకమైన అనుమతి లేనిదే తిరిగి రాకూడదు. పూర్వం పేరు, పుట్టిన తేదీ మార్చిన పాస్‌పోర్టుతో వచ్చినవారు చాలామంది ఉన్నారు. అందుకే ఆ ప్రభుత్వం 2001లో కంటిపాపను చదివే యంత్రాలను మొదలుపెట్టి, కొద్ది ఏళ్ళలోనే అన్ని సరిహద్దులలో అమర్చింది. నల్లగ్రుడ్డు చుట్టూ ఉండే రంగు వలయంలోని గీతలు పసితనంలోనే స్థిరపడతాయి. ఒకరివి ఇంకొకరికి ఉండవు. పంపివేసేటప్పుడు ఆ గీతలను దాచిపెట్టుకొంటారు. తిరిగి వచ్చినవాడు ఏ పేరు చెప్పినా కన్ను నిజం చెప్పేస్తుంది. కొందరు పాపను పెద్దది చేసే మందుచుక్కలు కంట్లో వేసుకొని కూడా వచ్చారు. అధికారులు అదికూడా కనిపెట్టి, పాప మరీ పెద్దదిగా ఉన్నవారిని ఆపి మళ్ళీ చూచేలా ఏర్పాటు చేసుకొన్నారు. ఇట్లా పట్టుబడినవారు వేలల్లో ఉన్నారు. ఇటు ఇండియాలోనూ అబద్ధపు వివరాలతో పాస్‌పోర్టు తీసుకొంటే 1967 నాటి చట్టం ప్రకారం రెండేళ్ళవరకు జైలు. ఏజెంటు మాత్రం తన డబ్బు ముందే తీసుకొంటాడు. 1983 నాటి వలస చట్టం క్రింద రిజిస్టరు చేసుకొన్నవారే మనుషులను పంపాలి, వారు తీసుకొనదగిన రుసుము ముప్పై వేల రూపాయలు, దానిపైన పన్ను. లక్షన్నర అడిగినప్పుడే అనుమానించాలి.

విడిపించడానికి, తిరిగి నిలబెట్టడానికి ఎవరో ఒకరు పూనుకొన్న సందర్భాలు కూడా లేకపోలేదు. 2005లో జరిగిన ఒక హత్య కేసులో సిరిసిల్ల ప్రాంతపువారు ఐదుగురు దుబాయి జైలులో పడ్డారు. చనిపోయినవాడు నేపాలీ కాపలాదారు. అప్పటి సిరిసిల్ల శాసనసభ్యుడు కె. టి. రామారావు నేపాలు వెళ్ళి, మృతుని కుటుంబాన్ని కలిసి, పదిహేను లక్షల రూపాయలు ఇచ్చి క్షమాపత్రం తెచ్చారు. అయినా వారు ఇల్లు చేరింది 2024 ఫిబ్రవరిలో, పద్ధెనిమిదేళ్ళకు. వదలి వెళ్ళిన పసిపిల్లలు పెద్దవారయ్యారు. కబాలికి, అతని కూతురికి మధ్య ఉన్న దూరం వంటిదే అది. తేడా ఏమంటే ఇక్కడ పాట లేదు.

కంటియంత్రం సంగతి చదివినప్పుడు నాకు మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో చూచిన మన పూర్వుల ఫోటోలు గుర్తుకు వచ్చాయి. కోరంగి రేవునుండి వచ్చిన మనవారు కంట్రాక్టు ముగిసిన తరువాత కూడా ఫోటో అంటించిన టికెట్టును ఎప్పుడూ దగ్గర ఉంచుకోవాలని 1867 నాటి చట్టం. అది లేకుండా దొరికితే దిమ్మరి అని పట్టుకొని గ్రాండ్ రివర్ నార్త్ వెస్ట్‌లోని దిమ్మరుల డిపోకు పంపేవారు. బయటికి వచ్చినవానికి పోలీసుల బాధ లేని త్రోవ ఒకటే: మళ్ళీ తోటలో కంట్రాక్టు వ్రాసుకోవడం. చట్టం చేసినవారికి కావలసినదీ అదే. 1871లో ప్లెవిట్జ్ దొర వ్రాసిన విన్నపానికి 9,401 మంది పాత కూలీలు సంతకాలు, గుర్తులు పెట్టిన తరువాతనే లండనునుండి రాజవిచారణసంఘం వచ్చింది. ఆ డిపోలో మా ముత్తాత ఎన్నిసార్లు ఉన్నాడో మా ఇంట్లో ఎవరూ చెప్పేవారు కారు. సిగ్గు. నేను కూడా నలభై ఏళ్ళు దాటేవరకు దానిని గూర్చి అడగలేదు.

సోనాపూర్ పెద్దాయన నంబరు మా అబ్బాయి దగ్గర ఉంది. నేను చెప్పిన మాట ఆలస్యమే అయింది. తమ్ముడు అప్పటికే నలభై వేలు ఏజెంటుకు ఇచ్చేశాడు. 2020 మార్చిలో కరోనా వల్ల విమానాలు ఆగాయి, ఏజెంటు ఫోను కూడా ఆగింది. తమ్ముడు ఊరిలో ఇతరుల ట్రాక్టరు నడుపుతూ అప్పు సగం తీర్చాడట. క్రిందటి దసరాకు పెద్దాయన మళ్ళీ మాట్లాడాడు. ఏజెంటు తిరిగి వచ్చాడట, ఈసారి ఇరాక్ అంటున్నాడట, అక్కడ కన్ను చూడరని చెబుతున్నాడట. తమ్ముడు ఇంకా జవాబు చెప్పలేదు.