వంద మందితో వార్ కన్నా.. నలుగురు ఫ్రెండ్స్‌తో గేమే బెటరా? కారణాలు ఇవే..

ఆదివారం ఉదయం 8 గంటలు. వాట్సాప్ గ్రూపులో రూమ్ కోడ్ పడింది. ఐదు నిమిషాల్లో పాత హాస్టల్ బ్యాచ్ నలుగురూ హాజరు. ఇద్దరు హైదరాబాద్‌లో, ఒకరు బెంగళూరులో, ఇంకొకరు అమెరికాలోని డల్లాస్‌లో. అక్కడ శనివారం రాత్రి కావస్తోంది. గంటసేపు ఆట, ఆటకు మించి కబుర్లు. చాలా మంది గేమర్లకు ఇప్పుడు ఇదే కావాలి. కోట్ల మంది ఆడే ఆన్‌లైన్ గేమ్‌లు చేతిలోనే ఉన్నా చిన్న గ్రూపే ఎందుకు నచ్చుతోంది?

గెలుపు లెక్క ఇదీ..

బీజీఎంఐ లాంటి బ్యాటిల్ రాయల్ గేమ్‌లో ఒక మ్యాచ్‌కు 100 మంది వరకు దిగుతారు. నలుగురేసి చొప్పున 25 జట్లు. గెలిచేది ఒక్కటే. అన్ని జట్లూ సమానంగా ఆడినా, సగటున 25 మ్యాచ్‌లకు ఒక్కసారే 'చికెన్ డిన్నర్' దక్కుతుంది. అదే నలుగురు ఆడే లూడోలో అయితే నాలుగు ఆటలకు ఒక గెలుపు. పైగా ఓడినా ఏడిపించడానికి పక్కన ఫ్రెండ్ ఉంటాడు!

మాట జారితే..

ముక్కూమొహం తెలియని ప్లేయర్ మ్యాచ్ అయిపోగానే మాయమైపోతాడు. అందుకే మైక్‌లో బూతులు తిట్టినా అడిగేవాడు ఉండడు. ఫ్రెండ్స్ మధ్య అలా కుదరదు. మాట జారితే రేపు మళ్లీ మొహం చూపించాలి కదా!

టైమ్ ఎవరి చేతిలో?

పెద్ద గేమ్‌లలో డైలీ మిషన్లు, ర్యాంకులు ఉంటాయి. సీజన్ మారితే ర్యాంకు తగ్గుతుంది, మళ్లీ ఎక్కాలి. అంటే ఎప్పుడు ఆడాలో గేమే చెబుతుంది. చిన్న గ్రూపులో ఆ నిర్ణయం ఫ్రెండ్స్‌దే.

మనిషి 150 మంది వరకే సంబంధాలు నిలుపుకోగలడని బ్రిటన్ ఆంత్రోపాలజిస్ట్ రాబిన్ డన్‌బార్ అంచనా. అందులో అత్యంత దగ్గరివాళ్లు ఐదుగురే! ఒక స్క్వాడ్ సైజు కూడా దాదాపు అంతే.

కొత్తేమీ కాదు..

నెట్ సెంటర్లలో కౌంటర్ స్ట్రైక్, హాస్టళ్లలో హాట్‌స్పాట్ పెట్టుకుని మినీ మిలీషియా ఆడిన రోజులు చాలా మందికి గుర్తే. 2018లో వచ్చిన అమాంగ్ అస్ 2020లో కరోనా టైమ్‌లోనే దుమ్మురేపింది. లూడో కింగ్ కూడా అంతే. బయటకు వెళ్లలేని ఫ్రెండ్స్‌ను ఆ గేమ్‌లే కలిపాయి.

ఇబ్బంది లేదా అంటే..

ఉంది. నలుగురికీ ఒకే టైమ్ కుదరడమే కష్టం. ఒకరికి నైట్ షిఫ్ట్, ఇంకొకరికి చిన్న పిల్లలు. 'తర్వాత చూద్దాంలే' అనుకుంటే గ్రూపు మెల్లగా సైలెంట్ అయిపోతుంది. అందుకే వారానికి ఒక రోజు, ఒక గంట ఫిక్స్ చేసుకోవడం మేలు. ఒకరు రాకపోయినా ముగ్గురితో మొదలుపెట్టేయాలి. రూమ్ కోడ్ మాత్రం సోషల్ మీడియాలో పెట్టొద్దు. తెలియనివాళ్లు దూరితే ఆటే పాడవుతుంది.

ర్యాంకు సీజన్‌తో పోతుంది. ఆ గంటలో ఫ్రెండ్‌కు ఉద్యోగం పోయిందనో, ఇంట్లో ఎవరికో బాగోలేదనో తెలుస్తుంది. ఫోన్ చేసి చెప్పలేని మాటలు ఒక్కోసారి ఆట మధ్యలోనే బయటకొస్తాయి.