ముందు గొంతు, తరువాత ముఖం



సినిమా తార అనగానే మనకు ముందుగా గుర్తుకొచ్చేది ముఖం. ఆ తరువాత వయసు. నలభై దాటితే అమ్మ వేషం, యాభై దాటితే బామ్మ వేషం, ఆపైన గోడమీద దండ వేసిన ఫోటో! ఇంతేగదా మన లెక్క? ఈ లెక్కకు లొంగని ఒక నటి గురించి ఈ రోజు మీతో ముచ్చటిస్తాను. ఆమె మన దేశపు మనిషి కాదు. ఆఫ్రికా ఖండానికి వాయవ్యపు కొసన, అట్లాంటిక్ సముద్రం ఒడ్డున ఉన్న మొరాకో దేశపు నటి. పేరు అమీనా రషీద్.

అమీనా 1936లో రబాత్ నగరంలో పుట్టారు. ఇంట్లో పెట్టిన పేరు జమీలా బెనోమర్. అరబ్బీలో జమీలా అంటే అందమైనది అని అర్థం. అమీనా అంటే నమ్మదగినది అని అర్థం. దేశం ఆమెను ఈ రెండో పేరుతోనే ఎరుగును. ఆమె జీవితం గురించి తెలుసుకున్నాక, ఈ పేరే ఆమెకు సరిగ్గా అమరిందని నాకనిపించింది. ఎందుకో చివరికి మీకే తెలుస్తుంది.

ఆమె పుట్టేనాటికి మొరాకో ఫ్రెంచివారి ఏలుబడిలో ఉన్నది. 1956లో స్వాతంత్ర్యం వచ్చేసరికి ఆమెకు ఇరవై ఏళ్లు. ఆ రోజుల్లో అక్కడి ఆడవాళ్లలో నూటికి తొంభై మందికి పైగా చదువురానివారే. పత్రిక చదవలేరు, పుస్తకం విప్పలేరు. అటువంటి ఇళ్లల్లోకి లోకాన్ని తీసుకువచ్చింది రేడియో. వంట చేసుకుంటూనో, పిల్లవాడిని ఒళ్లో వేసుకునో వినవచ్చు. ఎవరి అనుమతీ అడగనక్కరలేదు. ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలకు భోజనాలు ముగించుకుని రేడియో నాటకానికి చెవులొగ్గిన తరం మన ఇళ్లల్లోనూ ఉందిగదా, వారికిది వేరే చెప్పనక్కరలేదు.

1960ల తొలినాళ్లకే అమీనా జాతీయ రేడియో నాటకాల్లో నటిస్తున్నారు. అబ్దుల్లా షక్రూన్ అనే రచయిత ఆ నాటకాలకు ఆద్యులలో ఒకరు. ఆమె భర్త కూడా ఆయనే. మనకు గ్రాంథికం, వ్యావహారికం ఉన్నట్టే వారికీ పుస్తకాల అరబ్బీ వేరు, ఇంట్లో మాట్లాడుకునే అరబ్బీ వేరు. ఈ ఇంటి భాషను దారిజా అంటారు. దానిలోనే నాటకాలు వేసేసరికి, చదువులేని ఇల్లాలు కూడా "ఇది నా మాటే" అనుకుని వినగలిగింది.

రేడియోలో నటన సులువని మాత్రం అనుకోకండి. కన్నీళ్లు కనిపించవు, కనుబొమ ముడిపడటం కనిపించదు. కోపం, జాలి, వెటకారం, ముసలితనం అన్నీ గొంతులోనే పలకాలి. దూరంగా ఉన్నట్టు వినిపించాలంటే మైకుకు దూరంగా జరగాలి. రహస్యం చెప్పాలంటే దగ్గరకు రావాలి. మాటకూ మాటకూ మధ్య ఎంతసేపు ఆగాలో కూడా తెలియాలి. అది ఒక్క క్షణం ఎక్కువైతే విసుగు, తక్కువైతే తొందర. రేడియో నటికి పెద్ద బడి ఇదే. అక్కడ అందం అక్కరకు రాదు. వినేవాళ్లకు నమ్మకం కలగాలి, అంతే.

రేడియో తరువాత నాటకరంగం, టెలివిజన్ వచ్చాయి. సినిమాలో మాత్రం ఆమెకు గొప్ప పేరు 1993లో వచ్చింది. అప్పటికి ఆమె వయసెంతో లెక్క వేయండి. యాభై ఏడు! చాలామంది తారలు ఇంటికి వెళ్లిపోయే వయసులో ఆమె ఇంటింటికీ కొత్తగా వచ్చారన్నమాట.

ఆ చిత్రం పేరుకు 'నా భార్యకు మొగుడు కావాలి' అని తెలుగు చెప్పుకోవచ్చు. విచిత్రంగా ఉందికదూ? మహమ్మద్ అబ్దుర్రహమాన్ తాజీ తీశారు. కథ రాసింది ఫరీదా బెన్లియాజీద్ అనే స్త్రీ. ఫెజ్ నగరంలో హాజీ అనే నగల వర్తకుడికి ముగ్గురు భార్యలు. పెద్దావిడ లాల్లా హోబీ. అదే అమీనా వేషం. లాల్లా అంటే మన "అమ్మగారు" లాంటి గౌరవపు మాట. నడిమావిడగా నయీమా లమ్‌షర్ఖీ, పడుచు భార్య హుదాగా మునా ఫత్తూ నటించారు.

హాజీ అనుమానంతో, ఆవేశంతో చిన్నావిడకు విడాకులిచ్చేస్తాడు. కోపం చల్లారాక మళ్లీ ఆవిడే కావాలంటాడు. కాని అలా విడాకులివ్వడం అది మూడోసారి! నియమం ప్రకారం ఆమె ఇంకొకరిని పెళ్లాడి, కాపురం చేసి, అతను విడాకులిస్తేనే మొదటివాడు తిరిగి చేసుకోవాలి. ఇంకేముంది, తన భార్యకు తానే మొగుణ్ణి వెతకడానికి బయలుదేరుతాడు పెద్దమనిషి. తీరా దొరికినవాడు పెళ్లి చేసుకుని విదేశానికి ఉడాయిస్తాడు!

జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. మొరాకో చిత్రాల్లో పెద్ద విజయాలు సాధించిన వాటిలో ఇదొకటి. కాని ఆ నవ్వులో ముల్లు ఉన్నది. అంతవరకూ నడిచిన కుటుంబ చట్టం దాదాపు 1957, 58 నాటిది. ఆ చట్టం కింద భార్యకు విడాకులివ్వడానికి మగవాడి నోటిమాటే చాలు. దాన్ని మార్చమని 1992లో అక్కడి మహిళా సంఘాలు పది లక్షల సంతకాల ఉద్యమం నడిపాయి. చిత్రం వచ్చిన 1993లోనే చట్టానికి మొదటిసారి కొన్ని సవరణలు జరిగాయి. 2004లో కొత్త చట్టం వచ్చింది. ఆడపిల్ల పెళ్లివయసు పద్దెనిమిదికి పెరిగింది. రెండో భార్యను తెచ్చుకోవాలంటే న్యాయస్థానం అనుమతి కావాలి. విడాకులు కూడా న్యాయస్థానం ద్వారానే జరగాలి. ఒక సినిమా వల్లే ఇదంతా జరిగిందని నేననను. కాని సభల్లో మగవారి చెవికెక్కని మాటను, ఆ చిత్రం వారిచేతనే టిక్కెట్టు కొనిపించి మరీ వినిపించిందిగదా!

ఆ కథలో పెద్దావిడ పాత్ర ఎటువంటిదో చూడండి. మామూలుగా ఇటువంటి కథల్లో మొదటి భార్య మూల కూర్చుని ఏడ్చే మనిషి, లేదా సవతిని రాచిరంపాన పెట్టే గయ్యాళి. అమీనా రెండూ చేయలేదు. ఇంటికి పెద్దదిక్కుగా నిలబడ్డారు. ఆ పాత్ర ఎంతగా నచ్చిందంటే, 1996లో తాజీ తీసిన తరువాయి చిత్రానికి హాజీ పేరు పెట్టలేదు, పడుచు భార్య పేరూ పెట్టలేదు. 'లాల్లా హోబీ' అని పెద్దావిడ పేరే పెట్టారు!

2000లో ఇంకొక చిత్రం వచ్చింది. దర్శకుడు హకీం నూరీ. పేరు వింటే మీకు నవ్వాగదు. మన మాటల్లో చెప్పాలంటే, 'షుగరుంది, బీపీ ఉంది, అయినా చావనంటోంది!' ఎవరంటారా? అత్తగారు. అనేది అల్లుడు. ఆ అత్తగారు అమీనా. ఈ పేరు మా ఇంట్లో చెబితే అందరికన్నా ముందు నవ్వింది మా అత్తగారే. "పోనీలే, ఆవిడ గట్టిది" అన్నారు, బీపీ మాత్ర నోట్లో వేసుకుంటూ. ఆ మాటకు నవ్వుతూనే కాస్త ఆలోచించాను. వయసు మళ్లిన ఆడది ఇంట్లో ఎవరికో ఒకరికి అడ్డమేనన్న భావం ఏ దేశంలోనైనా ఉన్నదే. ఆ భావాన్నే హాస్యం చేసిన చిత్రాన్ని తన భుజాలమీద మోసిన ముసలావిడ, సెలవు తీసుకోనని తెరమీద నిక్కచ్చిగా కూర్చుంది. 2005లో వచ్చిన రెండో భాగం పేరులో 'ఇంకా చావనంటోంది' అని ఒక్క మాట పెరిగింది!

భర్త షక్రూన్ 2017లో కన్నుమూశారు. 2019 ఆగస్టు 26న కాసాబ్లాంకా నగరంలో అమీనా కూడా వెళ్లిపోయారు. అప్పటికి ఆమెకు ఎనభై మూడేళ్లు.

మనలో చాలామందిమి పిల్లల పెళ్లిళ్లు కాగానే "ఇంక మనదేముంది" అనేస్తాం. పాడటం వచ్చినవారు పాట మానేస్తారు, కుట్టు వచ్చినవారు మిషనుమీద గుడ్డ కప్పేస్తారు. ముప్పై ఏళ్లు గొంతుతో సాధించిన నమ్మకం అమీనాకు యాభై ఏడో ఏట ముఖమై నిలిచింది. జమీలా అన్న పేరుకు వయసుతో పాటు వన్నె తరిగేదేమో. అమీనా అన్న పేరుకు మాత్రం వయసు పెరిగినకొద్దీ విలువ పెరిగింది. మిషనుమీద గుడ్డ ఒకసారి తీసి చూడండి. సెలవు.