తారు రోడ్డుకు మట్టి టైర్లా?

మాది జవహర్‌నగర్‌. నాచారం పారిశ్రామికవాడలో లోడెత్తుకుని ఉప్పల్‌, ఘట్‌కేసర్‌ వైపు తిరగడమే నా పికప్‌ పని. టైర్లు అరిగిపోయాయి. ఈసారి పెద్ద పెద్ద బటన్లున్న ఆల్‌ టెరైన్‌ టైర్లు వేయించాలని మనసు. చూడ్డానికి దర్జా! పైగా ఉప్పల్‌–నారపల్లి ఫ్లైఓవర్‌ పనులు 2018లో మొదలైనప్పటి నుంచి ఆ దారిలో గుంతలు మామూలే కదా అనుకున్నా.

టైర్ల షాపాయన ఒక్కటే అడిగాడు: ‘‘అన్నా, నెలల ఎన్ని రోజులు మట్టిల నడుస్తది బండి?’’ లెక్కేశా. భువనగిరి దగ్గరున్న మా పొలానికి వెళ్లే ఒక్కరోజు!

బటన్ల మధ్య సందులు మట్టిలో పట్టు కోసం. తారు మీద వాటివల్ల రోడ్డును తాకే రబ్బరు తగ్గుతుంది. మోత, డీజిల్‌ ఖర్చు పెరుగుతాయి. తడి రోడ్డు మీద బ్రేకేస్తే బండి సాధారణంగా ఇంకాస్త ముందుకెళ్లి ఆగుతుంది. పోయిన వానాకాలం ఉప్పల్‌లో, స్కూటీ మీద ఇద్దరు పిల్లలతో వెళ్తున్న తల్లికి జానెడు దూరంలో ఆగింది నా బండి. ఆ జానెడే గుర్తొచ్చింది.

గుంతలకు కావాల్సింది బటన్లు కాదు... గట్టి పక్కగోడ, సరైన గాలి. రోడ్డు టైర్లే తీసుకున్నా.

కొనేముందు టైరు పక్కన రెండు నంబర్లు చూడండి. లోడ్‌ ఇండెక్స్‌ 100 అంటే ఒక్కో టైరు 800 కిలోలు మోస్తుంది. మీ బండికి కంపెనీ చెప్పినదానికంటే తక్కువది వద్దు. 2325 అని ఉంటే 2025లో 23వ వారం తయారైనట్టు. గాడుల లోతు 1.6 మిల్లీమీటర్లకు వస్తే మార్చాల్సిందే.

మరి పొలం దారి బురదైన రోజు? బండి రోడ్డు మీదే ఆపి నడిచిపోతా!