బడిలోని పాఠము, వీధిలోని చెత్త

పర్యావరణ విద్యను పాఠశాలలలో తప్పనిసరి పాఠ్యాంశముగా చేయవలెనని సుప్రీంకోర్టు 1991 నవంబరు 22న ఆదేశించినది. నేడు పాఠము పుస్తకములలో కలదు. కాని బాలుడు బడి విడిచి వీధిలోనికి రాగానే మురుగుకాల్వ నిండ పాలిథిన్ సంచులే కనుపించినచో ఆ పాఠమునకు విలువ యేమి? పంచాయతీ సభ్యుల పని ఇచ్చటనే మొదలగుచున్నది.

2022 ఏప్రిల్ 4న ఏర్పడిన పల్నాడు జిల్లా మిరప, ప్రత్తి పండు నేల. కావున మన చెత్తలో పట్టణములందు అంతగా కానరాని వస్తువొకటి కలదు. అది పురుగుమందు ఖాళీ డబ్బా. దానిని కడిగి నీళ్లకో నూనెకో వాడుట ప్రాణాపాయము. వాగులో పారవైచిన నీరు విషమగును. కాల్చిన పొగ విషమగును. మందు కలుపునపుడే డబ్బాను మూడుమార్లు కడిగి, ఆ నీటిని పిచికారీ ట్యాంకులోనే పోసి, డబ్బాకు చిల్లులు పొడిచి, ఇంటిచెత్తతో కలపక వేరుగా ఉంచవలెను. పిల్లలచే వీనిని ఏరించుట ఎంతమాత్రము తగదు. వారు ఇంటిలో పెద్దలకు చెప్పిన చాలును; చెప్పుటలో వారు మనకంటె గట్టివారు.

బడిలో చేయదగిన పని వేరు. మధ్యాహ్న భోజనపు కూరతొక్కలను, రాలిన ఆకులను గుంటలో వేసి, పేడనీళ్లు చల్లి, తడి ఆరకుండ చూచిన కొన్ని మాసములలో ఎరువగును. ఇండ్లలో తడిచెత్త, పొడిచెత్త కలిపి ఇచ్చినంతకాలము పంచాయతీ చెత్త షెడ్డు వట్టి కొట్టమే.

2022 జూలై 1 నుండి ప్లాస్టిక్ స్ట్రాలు, చెంచాలు, కప్పులు దేశమంతట నిషిద్ధములు. అయినను గ్రామసభలలోనే వానిని వాడుట మేము చూచితిమి. రాబోవు సభలో తేనీరు గాజు గ్లాసులలో ఇప్పింపుడు.